అక్క గొంతుతో వచ్చే అంగడి

(కోనసీమ మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ తరగతిలో నాకిచ్చిన అంశం, సామాజిక మాధ్యమాల ద్వారా మార్కెట్ యువతరాన్ని ఎలా ప్రభావితం చేస్తోంది అన్నది. పొద్దున్నుంచి అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల కార్యకర్తలు మీమీ ఊళ్ళ సమస్యలు చెప్పారు. కట్నాలు, గల్ఫ్ ప్రయాణాలు, అప్పులు, మగవాళ్ళ జూదం, ఆడపిల్లల చదువు మానిపించడం. సెల్‌ఫోను ఒక సమస్య అని ఎవరూ విడిగా చెప్పలేదు. కాని మీరు చెప్పిన ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట ఫోను వచ్చింది. అందువల్ల దాన్ని ఒక కొత్త సమస్యగా కాక, మన పాత సమస్యలు ఇంట్లోకి రావడానికి ఏర్పడిన కొత్త దారిగా చూద్దామనుకుంటున్నాను.

కంప్యూటర్లు, ఇంటర్నెట్ మధ్యనే పుట్టి పెరిగిన పిల్లలకు 'డిజిటల్ నేటివ్స్' అని 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే అమెరికన్ రచయిత పేరు పెట్టాడు. ఆ నేల మీదే పుట్టినవాళ్ళు అని అర్థం. వ్యాపార ప్రకటనల వాళ్ళకు ఈ మాట చాలా ఇష్టం. మన పిల్లలు ఆ నేల మీద పుట్టారన్నది కొంతవరకు నిజమే. మరి ఆ నేల పట్టా ఎవరి పేరున ఉంది? కౌలు చేసుకునే కుటుంబాలకు ఈ ప్రశ్న విడమరిచి చెప్పక్కర్లేదు.

అదీగాక అందరూ ఒకేలా పుట్టలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత కరోనా వచ్చి, ఆన్‌లైన్ క్లాసుల పేరుతో 2020లో ఎంతోమంది ఆడపిల్లల చేతికి మొదటిసారి ఫోను వచ్చింది. అది చాలాసార్లు అన్నది, లేకపోతే నాన్నది. క్లాసు అయిపోయాక తిరిగి ఇచ్చెయ్యాలి. ఇలా అరువు మీద వచ్చిన ఫోను అన్న సంగతి గుర్తు పెట్టుకోండి, దాని అవసరం మళ్ళీ వస్తుంది.

మనలో పాతవాళ్ళకు 1990ల పోరాటాలు జ్ఞాపకం ఉంటాయి. అశ్లీల పోస్టర్లకు తారు పూశాం. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు పెడితే దేశంలోని మహిళా సంఘాలు ఎన్నో వ్యతిరేకించాయి. టీవీలో తెల్లబడే క్రీము ప్రకటన వస్తే దాని మీద వ్యాసాలు రాశాం. అప్పుడు శత్రువుకు ఒక ముఖం ఉంది. గోడ మీద పోస్టరు అందరికీ కనపడేది, టీవీలో ప్రకటన అందరూ ఒకేసారి చూసేవాళ్ళు. స్త్రీల అసభ్య చిత్రణను నిషేధించే 1986 చట్టం కూడా ఆ ప్రపంచాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిందే.

ఇప్పుడు ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద కూచున్న తల్లీ కూతుళ్ళకు ఒకే ప్రకటన కనపడదు. ఫేస్‌బుక్‌లో గాని ఇన్‌స్టాగ్రామ్‌లో గాని ప్రకటన ఇచ్చేవాడు, అమలాపురం చుట్టూ ఇన్ని కిలోమీటర్లు, 18 నుంచి 24 ఏళ్ళ వయసు, ఆడవాళ్ళు, అని ఎంచుకోవచ్చు. వాళ్ళకే కనపడుతుంది. మీకూ నాకూ కనపడదు. కనపడని దానికి తారు ఎక్కడ పూస్తాం? మన పిల్లలు ఏం చూస్తున్నారో మనకు తెలియదు అంటే మన అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు, ఆ యంత్రాంగాన్ని కట్టిందే అలా.

దానికి డబ్బు ఎక్కడిది అని ఒకమ్మాయి అడిగింది. వాట్సాప్‌కీ ఇన్‌స్టాగ్రామ్‌కీ మనం పైసా ఇవ్వడం లేదు కదా అని. నిజమే, మనం కొనేవాళ్ళం కాదు. మన చూపు వాళ్ళకు సరుకు. ఏ వీడియో దగ్గర బొటనవేలు ఆగింది, ఎంతసేపు ఆగింది, దేన్ని మళ్ళీ చూసింది, ఇవన్నీ లెక్క కడతారు. ఆ లెక్కను బట్టి మన చూపు ముందు నిలబడే చోటును అప్పటికప్పుడు వేలం వేస్తారు. అంబాజీపేటలో కొబ్బరికాయ రాశి చూసి ధర కట్టినట్టే. కాకపోతే కాయకు తనను అమ్ముతున్నారని తెలియదు.

ఇంతవరకు యంత్రం గురించి. దాని మీద పుస్తకాలు చాలా వచ్చాయి. నాకు అంతకంటె ముఖ్యంగా తోచిన విషయం వేరే ఉంది. ఈ మార్కెట్ మన దగ్గరికి మార్కెట్ వేషంలో రావడం లేదు. చుట్టరికం కలుపుకుని వస్తోంది. చీర చూపించే అమ్మాయి 'హాయ్ అక్కా' అంటుంది. పందెం యాప్ చూపించేవాడు 'తమ్ముడూ, నేను గెలిచాను, నువ్వూ చూడు' అంటాడు. గల్ఫ్‌కి ఆడవాళ్ళను పంపే సబ్ ఏజెంటు బోర్డు కట్టుకుని కూర్చోడు, వాట్సాప్ స్టేటస్‌లో బంగారు గాజుల చెయ్యి ఫోటో పెట్టిన 'మన పక్క ఊరి పిన్ని' అవుతాడు. (ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన దేశాలకు 30 ఏళ్ళ లోపు స్త్రీలను ఇంటి పనికి పంపకూడదనీ, పంపేది కూడా ఓమ్‌క్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానేననీ నిబంధన ఉన్న సంగతి ఆ స్టేటస్‌లో ఉండదు. విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు.) కోనసీమలో మాటకు ముందు వరస కలుపుతాం. కొత్తవాళ్ళనైనా 'అండీ' అనీ 'అమ్మా' అనీ పిలుస్తాం. ఆ మర్యాదనే పెట్టుబడిగా వాడుకుంటున్నారు.

దీనికి మన కళ్ళ ఎదుట జరిగిన ఉదాహరణ చెబుతాను. 2021 జులైలో, ఆషాఢ మాసంలో, రాజమహేంద్రవరానికి చెందిన ఒక వ్యాపారి యానాంలో ఉన్న తన కూతురి అత్తవారింటికి సారె పంపించాడు. వెయ్యి కిలోల చేపలు, వెయ్యి కిలోల కూరగాయలు, 250 కిలోల మిఠాయిలు, 250 జాడీల పచ్చళ్ళు, పది మేకలు, యాభై కోళ్ళు, లారీల మీద ఊరేగింపుగా వెళ్ళాయి. ఆ వీడియో దేశమంతా తిరిగింది. మరుసటి సంక్రాంతికి, 2022 జనవరిలో, సఖినేటిపల్లి రేవు అవతల నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు వడ్డించారు. అదీ తిరిగింది. అప్పటినుంచి ఏటా సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో ఎవరో ఒకరు అల్లుడి ముందు వందల గిన్నెలు పేర్చి వీడియో తీస్తున్నారు. గోదావరి వారి మర్యాద చూశారా అని టీవీలు కూడా మురిసిపోయాయి.

ఆ కుటుంబాలు తమ ఆనందం కోసమే చేసి ఉండవచ్చు, వాళ్ళను నిందించడం నా పని కాదు. ఆ వీడియో చూసిన లక్షల ఇళ్ళలో ఏం జరిగిందన్నది నా ప్రశ్న. వెనక సారె అంటే ఏమిటి? ఒక బుట్టలో చలిమిడి, అరటిపళ్ళు, నాలుగు రకాల మిఠాయి, చీర. పిల్లకు పుట్టింటి వాళ్ళున్నారని చెప్పే గుర్తు. ఎంత పంపారన్నది ఆ వీధిలోనే ఉండిపోయేది. ఇప్పుడు అది మొత్తం తెలుగు లోకానికి కొలబద్ద అయిపోయింది. అత్తగారు నోరు తెరిచి అడగక్కర్లేదు. వీడియోను కుటుంబం గ్రూపులో పెట్టి ఊరుకుంటే చాలు. అడగకుండానే అడిగినట్టు. పిల్ల తండ్రికి అర్థమవుతుంది.

ఆ వెంటనే అంగడి వచ్చింది. సారెకు ఇన్ని రకాలు అని ప్యాకేజీలు, ట్రేలు అలంకరించేవాళ్ళు, వీడియో తీసేవాళ్ళు, మిఠాయి కొట్ల ప్రకటనలు. ఎవరూ 'కట్నం ఇవ్వండి' అని ప్రకటన ఇవ్వరు, ఇస్తే జైలు. 'మీ అమ్మాయిపై మీ ప్రేమను చాటండి' అంటారు. 1961 వరకట్న నిషేధ చట్టం పెళ్ళి తర్వాత పెళ్ళి సంబంధంగా ఇచ్చే దాన్ని కూడా కట్నంగానే చూస్తుంది. పెళ్ళి సమయంలో ఆనవాయితీగా, అడగకుండా ఇచ్చే కానుకలకు మినహాయింపు ఉన్నా, అవి ఇచ్చేవారి స్తోమతకు మించకూడదనీ, జాబితా రాయాలనీ షరతు ఉంది. ఆ సందులోంచే అంగడి దూరింది. స్తోమత ఎంత అన్నది ఇప్పుడు వీడియో నిర్ణయిస్తోంది.

ఇందులో యువతరం పాత్ర ఏమిటంటారా? ఆ వీడియో ముందు నిలబడేది మన డిగ్రీ పిల్లే. దాన్ని స్నేహితురాళ్ళకు పంపేదీ ఆమే. కట్నం వద్దని కాలేజీ వ్యాసరచన పోటీలో బహుమతి తెచ్చుకున్న పిల్ల, తన పెళ్ళికి అలాంటి ట్రేలు ఉండాలని కోరుకుంటుంది. ఆమె మోసగత్తె కాదు. ఆ రెండూ ఒకటేనని చెప్పే గొంతు ఆమె ఫోనులో లేదు, అంతే.

క్రీముల సంగతి తొందరగా చెప్పేస్తాను. 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరు మార్చుకుంది. పేరు మారింది గాని రంగు పిచ్చి పోలేదు, రీళ్ళలోకి, పేరూ ఊరూ లేని డబ్బాల్లోకి దిగింది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో కిడ్నీ జబ్బుతో వచ్చిన యువతీ యువకుల్ని డాక్టర్లు ఆరా తీస్తే తెల్లబడే క్రీములు బయటపడ్డాయి, వాటిలో పాదరసం బయటపడింది. మన దేశపు 2020 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి క్రీముల్లో పొరపాటున కలిసే పాదరసం కూడా పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించకూడదు. అక్కడి ప్రభుత్వం 'ఆపరేషన్ సౌందర్య' అని పేరు పెట్టి దుకాణాల మీద దాడులు చేసింది. కొరియర్‌లో వచ్చే డబ్బా మీద ఎవరు దాడి చేస్తారు? 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన కాగితాల్లో ఆ కంపెనీ సొంత పరిశోధనే ఉంది. తమ శరీరం గురించి బాధపడుతున్న టీనేజి ఆడపిల్లల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని చెప్పారు. అంటే వాళ్ళకు తెలుసు.

పందేల విషయం మీకే ఎక్కువ తెలుసు. కోడిపందెం బరి దగ్గరికి కనీసం నడిచి వెళ్ళాలి, నలుగురికీ కనపడాలి. ఫోనులో పందెం దుప్పటి కింద ఆడవచ్చు. 1980లలో ప్రభుత్వం సారాను ప్యాకెట్లలో పోసి ఊరి నడిమధ్యకు తెచ్చినప్పుడు తాగుడు ఎలా పెరిగిందో, దాని మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఎలా లేచారో మనం పాఠంగా చెప్పుకుంటాం. యాప్ కూడా అలాంటి ప్యాకెట్టే. చేపల వేట వీడియోలతో పేరు తెచ్చుకున్న విశాఖ యూట్యూబర్‌ను బెట్టింగ్ యాప్‌ల ప్రచారం కేసులో 2025 ఫిబ్రవరిలో పోలీసులు అరెస్టు చేశారు. మార్చిలో హైదరాబాద్ మియాపూర్ పోలీసులు సినీ నటులతో సహా పాతిక మంది మీద కేసు పెట్టారు. ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా అని ఆ చట్టంలో ఉంది. మన రాష్ట్రంలో 2020లోనే నిషేధం పెట్టారు. అయినా అయిదేళ్ళు ఆడించగలిగారంటే ప్రకటన ఎంత బలమైనదో ఆలోచించండి. కొడుకు ఓడిన డబ్బుకి కుదువ పడేది తల్లి నానుతాడే.

ఇప్పుడు అప్పు దగ్గరకు వద్దాం. ఇక్కడ కొంచెం ఆగాలి.

2010లో మైక్రోఫైనాన్స్ సంస్థలు మన రాష్ట్రంలో ఏం చేశాయో గుర్తుందా? డ్వాక్రా ద్వారా స్త్రీలు ఒకరినొకరు నమ్మడం నేర్చుకున్నారు. ఆ నమ్మకాన్నే హామీగా పెట్టుకుని అప్పులిచ్చారు. ఒకామె కట్టకపోతే మిగతా వాళ్ళను ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టారు. ఆత్మహత్యలు జరిగాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. లోన్ యాప్ వాళ్ళు చేసింది సరిగ్గా అదే, ఆ గ్రూపును కట్టే శ్రమ కూడా లేకుండా. యాప్ దింపుకునేటప్పుడు కాంటాక్టులు చూడడానికి అనుమతి అడుగుతుంది. సరే అని నొక్కితే మన ఫోనులో ఉన్న మేనమామ, మేష్టారు, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, అందరూ మనకు తెలియకుండానే మన జామీనుదారులు అయిపోతారు. కట్టడం ఆలస్యమైతే మార్చిన ఫోటో వాళ్ళకు వెడుతుంది. మగవాడు అప్పు తీసుకున్నా మార్ఫింగు చేసేది ఎక్కువగా అతని భార్య ఫోటో. పరువును ఆడదాని ఒంటి మీద పెట్టిన సమాజం కాబట్టి ఆ పద్ధతి పనిచేసింది. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఒక దంపతులు ఈ వేధింపులకే ప్రాణాలు తీసుకున్నారు. చిన్నపిల్లలిద్దరు మిగిలారు. అదే నెలలో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులను, ఫోటోలను, కాల్ వివరాలను చూడకూడదని నిబంధన పెట్టింది. చట్టానికి లోబడే యాప్‌లకు అది వర్తిస్తుంది. లోబడనివి పేరు మార్చుకుని వస్తూనే ఉన్నాయి.

ఇదంతా విని ఇక ఫోన్లే వద్దు అనుకుంటే పొరపాటు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందు నుంచే ఫోను మీద ఆర్డర్లు తీసుకుని కొరియర్లో పంపుతున్నారు. బండారులంక చేనేత చీరలు వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతున్న ఆడవాళ్ళున్నారు. గడప దాటనివ్వని ఇళ్ళలో ఆ నాలుగు డబ్బులు వాళ్ళకు గొప్ప. 2022 మే 24న జిల్లాకు అంబేద్కర్ పేరు విషయమై అమలాపురంలో హింస జరిగినప్పుడు, యువకుల్ని వాట్సాప్ గ్రూపుల ద్వారానే కూడగట్టారని పోలీసులు చెప్పారు. తర్వాత రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఉద్యోగాల వాళ్ళు సిగ్నల్ కోసం గోదావరి గట్ల మీదికి వెళ్ళిన సంగతి పేపర్లలో వచ్చింది. ఇంట్లో కూర్చుని చీరలు అమ్ముకునే ఆమె ఏ గట్టుకు వెళ్ళగలదు?

అయితే ఆ అమ్మకాల్లోనూ లెక్క అడగాలి. రేకు తీసే స్త్రీ రోజంతా వేడి కుండ ముందు కూర్చుంటుంది. రీలులో కనిపించేది నేతి చుక్క, ఆమె వేళ్ళ మీది బొబ్బలు కనపడవు. రీళ్ళ కోనసీమలో మండువా లోగిలి, పట్టు పరికిణీ, పడవ ఉంటాయి. కొబ్బరి పీచు తీసే దళిత స్త్రీలు ఉండరు. ఇక వీడియోలు చేసే మన ఆడపిల్లలకు చాలాసార్లు డబ్బు ఇవ్వరు, ఒక చీరో లిప్‌స్టిక్కో ఇచ్చి సరిపెడతారు. స్క్రిప్టు, మేకప్పు, చిత్రీకరణ, కింద వచ్చే బూతు వ్యాఖ్యలు భరించడం, ఇదంతా పని. ఇంటి చాకిరీని పని కాదన్నవాళ్ళే దీన్నీ సరదా అంటున్నారు.

ఇప్పుడు అరువు ఫోను దగ్గరికి వస్తాను. డబ్బు పోగొట్టుకున్న పిల్ల, ఫోటోతో బెదిరింపు వచ్చిన పిల్ల ఇంట్లో ఎందుకు చెప్పదు? చెబితే మొదట జరిగేది ఫోను లాక్కోవడం. తర్వాత కాలేజీ మానిపించడం. ఆ తర్వాత సంబంధం చూడడం. ఈ మూడూ ఎంత తొందరగా జరుగుతాయో మీకు తెలుసు. అందుకని నోరు మూసుకుని రెండో యాప్‌లో అప్పు చేసి మొదటిది కడుతుంది. మోసం చేసేవాడికి ఇంతకంటె గొప్ప కాపలా ఎవరిస్తారు? తండ్రి కోపమే అతని కోట గోడ. కాబట్టి 'ఆడపిల్లలకు ఫోన్లు ఇవ్వకండి' అని తీర్మానాలు చేసే కులపెద్దలతో మన సంఘాలు గొంతు కలపకూడదు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే మనలోనే కొందరు అలా మాట్లాడడం విన్నాను.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా జాగ్రత్తగా చదవండి. 18 ఏళ్ళ లోపు పిల్లల మీద నిఘా పెట్టి ప్రకటనలు చూపించకూడదంటుంది, అది మంచిదే. వాళ్ళ సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, అమలు దశలవారీగా. ఆచరణలో ఆ అనుమతి తండ్రి చేతిలో పడుతుంది. పదిహేడేళ్ళ పిల్ల తనకు జరుగుతున్న హింస గురించి ఎక్కడైనా అడగాలంటే, హింసించేవాడి అనుమతి తీసుకోవాలా? ఈ ప్రశ్న మన సంఘాలు వెయ్యాలి.

మన చేతికి అందే ఆయుధం ఇంకొకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బో వస్తువో తీసుకుని ప్రచారం చేసేవాళ్ళు అది ప్రకటన అని చెప్పి తీరాలి. వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి. తెలుగులో మాట్లాడి మూలన ఇంగ్లీషులో చిన్న అక్షరాలు వేస్తే సరిపోదు. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వెయ్యవచ్చు. వినియోగదారుల ఫిర్యాదుకు 1915, సైబర్ మోసాలకు 1930. డబ్బు పోయిన మొదటి గంటల్లోనే 1930కి చెబితే ఖాతాలో ఆపించే అవకాశం ఎక్కువ. ఈ నంబర్లు పిల్లలకు మాత్రమే కాదు, వాళ్ళ తల్లులకు ఇవ్వండి. పిల్ల చెప్పుకోగలిగేది ముందు తల్లికే.

వచ్చే మూడు నెలలకు ఒక పని అనుకుందాం. ప్రతి మండలంలో ఒక కాలేజీ హాస్టలుకో, పొదుపు సంఘానికో వెళ్ళండి. పదిమంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టి, ఆ రోజు వాళ్ళ ఫోనులో వచ్చిన ప్రకటనలు, చీరలు చూపించిన అక్కలు, అప్పు ఇస్తామన్న అన్నలు, అన్నీ ఒక కాగితం మీద రాయించండి. పేర్లు రాయవద్దు. ఏది ప్రకటన అని వాళ్ళు గుర్తు పట్టారు, ఏది పట్టలేదు అని పక్కన టిక్కు పెట్టండి. తల్లులు ఒప్పుకుంటే వాళ్ళ ఫోన్లు కూడా పక్కన పెట్టి చూడండి. ఫోన్లు తీసుకుని చూడవద్దు, వాళ్ళే చూపించాలి. తర్వాతి తరగతికి ఆ కాగితాలు పట్టుకుని రండి. తెలుగులో 'ఇది ప్రకటన' అని చెప్పని వీడియోల జాబితా వాటిలోంచే తయారుచేసి, ఇక్కడి నుంచే 1915కి ఫిర్యాదు పెడదాం.